నాన్న పక్కన జాగా

మా పల్లెలో భర్త ముందు చనిపోతే గుంట ఒకటే తవ్వుతారు గానీ కొలత ఇద్దరికీ వేస్తారు. పక్కన ఇంకో మనిషికి సరిపడా నేల వదిలి, నాలుగు మూలలా నాలుగు రాళ్ళు పాతి వస్తారు. ఆ రాళ్ళ మధ్య భార్యను తప్ప ఇంకెవరినీ పెట్టరు. ఎన్ని తగువులున్నా ఆ జాగా జోలికి ఎవరూ పోరు. మా సమాధుల తోటలో అలాంటి ఖాళీ జాగాలు చాలానే ఉండేవి. వాటి సొంతదార్లంతా పొద్దున్నే మిరపకోతలకు పోయి, పొద్దుగూకాక వచ్చి పొయ్యి ముట్టించుకునే ఆడవాళ్ళు.

అమ్మ వాళ్ళలో ఒకతె. నాన్న చిలకలూరిపేటలో పత్తి బోరాలు మోసేవాడు. ఆ దూది నలకలు పీల్చీ పీల్చీ, దగ్గీ దగ్గీ నడివయసులోనే పోయాడు. ఈస్టర్‌కు ముందురోజు పల్లె అంతా బకెట్లు, కుంచెలు పట్టుకుని తోటకు వెళ్ళి కలుపు పీకి సమాధులకు సున్నం వేస్తారు. తెల్లారకముందే మళ్ళీ కొవ్వొత్తులతో వెళ్ళి పాటలు పాడతారు. అమ్మ ముందు నాన్న సమాధికి సున్నం వేసేది. తర్వాత పక్కకు జరిగి, తన నాలుగు రాళ్ళకూ తీరిగ్గా వేసేది. చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది.

"అదేందమ్మా, బతికుండగానే నీ సమాధికి నువ్వే సున్నం కొట్టుకుంటావు?" అని కసిరేదాన్ని.

"నేను పోయాక నువ్వు కొడతావో లేదో! నీ చేతికి సుద్దముక్క తప్ప కుంచె పట్టటం వచ్చుద్దా ఏంది?" అనేది.

నేను పక్క ఊరి ప్రాథమిక పాఠశాలలో టీచర్ని. పల్లెలో ఆడపిల్లల్లో మొదట గవర్నమెంటు ఉద్యోగం వచ్చింది నాకే. ఆ సంగతి అమ్మ పదిమందిలో గొప్పగా చెప్పేది, ఇంట్లో మాత్రం ఇలా దెప్పేది.

రెండువేల సంవత్సరం దాటాక హైవేను వెడల్పు చేయడం మొదలుపెట్టారు. అప్పటిదాకా జనుము కూడా సరిగ్గా మొలవని మెట్టకు ఒక్కసారిగా రేటొచ్చింది. రోడ్డు పక్కన ఎక్కడ చూసినా మిల్లులు, గోడౌన్లు, కొత్తగా పాతిన రాళ్ళు. మన జోలికి ఎవరొస్తారులే అనుకున్నాం. చచ్చినవాళ్ళతో ఎవరికి పని?

ఆ ఏడు ఈస్టర్ ముందురోజు బకెట్లు పట్టుకుని వెళ్ళేసరికి తోట చుట్టూ ముళ్ళతీగ ఉంది. సిమెంటు స్తంభాలింకా పచ్చిగానే ఉన్నాయి. వేపచెట్టు నీడలో కుర్చీ వేసుకుని ఒకాయన కూర్చున్నాడు. ఏదో మిల్లు తాలూకు గుమస్తానని చెప్పాడు.

"ఏందయ్యా ఇది? లోపల మావాళ్ళున్నారు!" అంది అమ్మ, ఇంట్లో ఎవరినో పెట్టి తాళం వేసినట్టు.

ఆయన మొహం చిన్నబోయింది. దుర్మార్గుడేం కాదు. లేచి నిలబడి మరీ చెప్పాడు. "చేను మొత్తం మా ఓనరుగారు కొన్నారమ్మా. రిజిస్ట్రేషన్ కూడా అయిపోయింది. ఊరి భూమి లెక్కల అడంగల్ చూశాం, పాత అమ్మకాల ఈసీ తీశాం. అంతా పట్టా మెట్ట అనుంది. శ్మశానమని ఎక్కడా లేదు. మీ దగ్గర కాగితం ఏదన్నా ఉంటే ఆఫీసులో చూపించండి. వాళ్ళు అవునంటే ఈ తీగ నేనే ఊడబీకుతా. ఈ పూటకి మాత్రం వెళ్ళి సున్నాలేసుకోండి, నేను కాదనను."

మా తాతలు పడుకున్న చోటికి మమ్మల్ని వెళ్ళనిచ్చినందుకు ఆయనకు దణ్ణం పెట్టాల్సి వచ్చింది. అమ్మ ఆ రోజు తన రాళ్ళకు రెండు పూతలు వేసింది.

మాకు కాగితం ఉంది. ఉండాలి. ఆ కథ పల్లెలో పిల్లలకు కూడా తెలుసు. తాతల కాలంలో మావాళ్ళు వాగు గట్టున పూడ్చేవాళ్ళు. వరదొచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు బయటపడేవాళ్ళు. పెద్దలు అర్జీల మీద అర్జీలు పెడితే సర్కారు దిగొచ్చి, ఒక రైతు చేలో తూర్పు చెక్క కొని మా పల్లెకు శ్మశానం కింద ఇచ్చింది. ఇచ్చినట్టు రెండు కాగితాలు రాసి, ఒకటి మా చర్చి సంఘపెద్దకిచ్చి, ఒకటి ఆఫీసులో పెట్టుకుంది. అంతా చేసినవాళ్ళు ఊరి భూమి లెక్కల్లో మాత్రం ఆ చెక్కను విడగొట్టి రాయలేదు. ఎందుకు రాయలేదంటే ఏం చెప్తాం? ఎవరో రేపు రాద్దామనుకుని ఉంటారు. ఆ రైతు మనవలు పట్నంలో ఉంటూ, లెక్కల్లో ఉన్నదంతా తమదేననుకుని మొత్తం చేను అమ్మేశారు.

వేసవి సెలవులు కదా, నేనే బయల్దేరాను. నేనూ గవర్నమెంటు మనిషినే కదా అని ధీమా. జనాభా లెక్కలు నేనే రాశాను, ఓటర్ల జాబితా నేనే దిద్దాను, ఎలక్షన్ డ్యూటీలు చేశాను. మండలాఫీసులో నా మాటకు విలువుంటుందనుకున్నాను. ఉంది కూడా! "రండి టీచర్ గారూ, కూర్చోండి" అని భూమి సీటు చూసే గుమస్తా కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు. అర్జీ చదివి అయ్యో అన్నాడు. కంప్యూటర్లో మా సర్వే నంబరు కొట్టి తెర నావైపు తిప్పాడు. మెట్ట, పట్టా, ఆ రైతు పేరు. అంతే.

"పాత పుస్తకంలో రిమార్కుల గడిలో ఏదన్నా రాసి ఉండొచ్చండి. కంప్యూటర్లో ఎక్కించేటప్పుడు రిమార్కుల గడి వదిలేశారు. టైము సరిపోలేదట."

"అయితే పాత పుస్తకం చూడండి."

"చూద్దామండి. రికార్డు రూము తాళం ఉన్నాయన క్యాంపుకెళ్ళాడు. సోమవారం రండి."

ఎన్ని సోమవారాలు వెళ్ళానో దేవుడికే తెలియాలి. ఒకసారి సారు మీటింగు, ఒకసారి కరెంటు లేదు, ఒకసారి తాళం ఉంది గానీ తాళం ఉన్నాయన లేడు. ఏ ఒక్కరూ విసుక్కోలేదు, ఏ ఒక్కరూ చెయ్యి చాపలేదు. అదీ నా బాధ. లంచమడిగితే నలుగురినీ పోగేసి గొడవ పెట్టుకునేదాన్ని. ప్రతిసారీ టీ ఇచ్చి, "ఏమనుకోకండి టీచర్ గారూ" అని సాగనంపేవాళ్ళు. ఆ టీ తాగీ తాగీ నాకు కడుపులో మంట పట్టుకుంది.

చివరికి ఒకరోజు గది తెరిచారు. తలుపు తియ్యగానే చెమ్మవాసన. ఎర్రగుడ్డ మూటలు కింద నుంచి కప్పు దాకా బస్తాల్లా పేర్చి ఉన్నాయి. వాటి మీద పాత బ్యాలెట్ పెట్టెలు, విరిగిన కుర్చీలు, ఏదో పథకం తాలూకు పంచని చీరల కట్ట. కప్పు కారి ఒక గోడ వైపు మూటలన్నీ నల్లగా ఒకదానికొకటి అతుక్కుపోయాయి. మా ఊరివి ఆ గోడ వైపే ఉన్నాయని అటెండరు చెప్పాడు. ఒక మూట లాగితే గుడ్డ ఒక్కటే చేతికొచ్చింది. లోపలంతా చెదలమట్టి.

"ఇది మండలం కాపీయేనండి, అసలు జిల్లాలో ఉంటుంది" అన్నాడు గుమస్తా, నన్ను ఓదారుస్తున్నట్టు.

జిల్లా అంటే మాకు ఒకటి కాదు, రెండు. నా చిన్నప్పుడు జిల్లా విడగొట్టినప్పుడు మా ఊరు పాత జిల్లాలోంచి కొత్త జిల్లాలోకి పోయింది. కొత్త జిల్లా ఆఫీసుకు వెళ్తే, "ఇది అంతకుముందు కాగితమమ్మా, పాత జిల్లాలో అడగాలి" అన్నారు. పాత జిల్లా ఆఫీసుకు వెళ్తే, "మీ ఊళ్ళవన్నీ అప్పుడే పంపేశాం" అన్నారు. పంపినట్టు రుజువు కూడా చూపించారు. పెద్ద పుస్తకం తెరిచి, "ఇతర కాగితములు, ఒక మూట" అన్న వరస మీద వేలు పెట్టారు. అందుకున్నట్టు సంతకం ఉంది. ఎవరి సంతకమో అక్కడున్నవాళ్ళెవరూ చెప్పలేకపోయారు. మళ్ళీ కొత్త జిల్లాకు వచ్చి ఆ మాట చెప్తే, "ఏ మూటమ్మా? మూటలు వేలున్నాయి" అన్నారు. అందరూ పంపామన్నవాళ్ళే, అందిందన్నవాడు ఒక్కడూ లేడు. తలప్రాణం తోకకొచ్చింది.

బస్సు దిగి ఇంటికొచ్చేసరికి అమ్మ అరుగు మీద కూర్చుని ఉండేది. అప్పటికే గుండె బలహీనపడిందని డాక్టరు చెప్పాడు. కాళ్ళు నీరు పట్టి, నాలుగడుగులేస్తే ఆయాసం. మిరపకోతలు మానేసింది గానీ, ఊరికే కూర్చోలేక ఎవరివో కాయలు తెచ్చి తొడిమలు తీస్తుండేది.

"దొరికిందా?"

"లేదమ్మా."

"మరి ఎట్టా? మీ నాన్న పక్కన కాకపోతే ఎవరి పక్కన పడుకోబెడతావే నన్ను?" అని నవ్వేది. నాకు నవ్వొచ్చేది కాదు. వంటింట్లోకి పోయి గిన్నెల మీద చూపించేదాన్ని నా కోపమంతా. అక్షరం రాని మా తాతలు అర్జీలు పెట్టి సాధించిన నేలను, ఉద్యోగం చేసే నేను ఉన్నదని కూడా చెప్పించలేకపోతున్నాను. ఏడుపొచ్చేది.

ఆఫీసు కాపీ సంగతి సరే, మా కాగితమేదీ? ఇదే మాట మీద సంఘం మీటింగులు పెట్టాం. పెద్దలంతా ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళు. కాగితాన్ని కళ్ళారా చూసి, ఇంకా బతికున్నది ఒక్క పెద్దయ్యే. అప్పటి సంఘపెద్ద ఆయనే. చూపు మందగించింది, వయసు మీద పడింది. అడిగినప్పుడల్లా "భద్రంగా ఉందమ్మాయ్, ముందు ఆఫీసులో చూడనీ" అనేవాడు తప్ప ఎక్కడుందో చెప్పేవాడు కాదు. నేను తిరిగీ తిరిగీ ఉత్త చేతులతో వచ్చానని తెలిశాక, ఒక ఆదివారం ఆరాధన అయ్యాక లేచి నిలబడ్డాడు.

"ఆ కాగితం ఈ గుళ్ళోనే ఉంది. పునాదిలో ఉంది" అన్నాడు.

మా పల్లెకు ఎండాకాలమంటే భయం. తాటాకు ఇళ్ళు. ఒక పొయ్యి నిప్పురవ్వకు వరస మొత్తం పోయిన రోజులున్నాయి. ట్రంకుపెట్టెల్లో ఉన్న పెళ్ళిచీరలు, రేషన్ కార్డులు అన్నీ బూడిదే. ఆ కాగితం ఇచ్చినప్పుడు ఆఫీసులో, "ఇది పోగొడితే మళ్ళీ ఇచ్చేది లేదు" అని గట్టిగా చెప్పారట. అప్పట్నుంచి పెద్దయ్యకు నిద్రలేదు. నేను టీచరు ట్రైనింగు చదువుతున్న రోజుల్లో పాక గుడి తీసేసి స్లాబు గుడి కట్టారు. శంకుస్థాపన రోజు పునాదిరాయి కింద ఒక గాజుసీసాలో కొత్త బైబిలు, నాలుగు నాణేలు, చందాలిచ్చినవాళ్ళ పేర్లు పెట్టడం మా దగ్గర ఆనవాయితీ. పెద్దలు మాట్లాడుకుని ఆ సీసాలోనే ఈ కాగితాన్ని కూడా చుట్టి పెట్టారు.

"నిప్పంటుకోదు, దొంగ ముట్టడు. దేవుడి పునాదికి మించిన బీరువా ఏముంటదనుకున్నాం" అన్నాడు పెద్దయ్య. "గుడి పగలగొట్టండని నా నోటితో ఎట్టా చెప్పేది? అందుకే ఆఫీసులో దొరికిద్దేమోనని చూశా."

ఎవరూ ఆయన్ను ఒక్క మాట అనలేదు. ఏమంటాం? మేమున్నా అదే చేసేవాళ్ళం.

గుడి మూల తవ్వాలా వద్దా అని రెండు ఆదివారాలు వాదులాడుకున్నారు. చివరికి పాస్టరుగారు ప్రార్థన చేసి మేస్త్రీని రమ్మన్నారు. పల్లె అంతా బయట నిలబడింది. అమ్మ కుర్చీ వేయించుకుని మరీ వచ్చి కూర్చుంది. గునపం దెబ్బ పడ్డప్పుడల్లా ఆడవాళ్ళు "ప్రభువా" అంటున్నారు. రాయి కదిలింది. దాని కింద సీసా పగలకుండా అలాగే ఉంది. ఒక్కసారిగా జనమంతా చప్పట్లు కొట్టారు. నేనైతే పిచ్చిదానిలా ఏడ్చాను.

మేస్త్రీ సీసా పైకి తీసి తిప్పేసరికి లోపల నీళ్ళు కదిలాయి.

మాది నల్లరేగడి. వానొస్తే నెలల తరబడి తడి పట్టుకుని వదలదు. సీసా మూత రేకుది. ఎప్పుడో తుప్పుపట్టి చిల్లి పడింది. బైబిలు ఉబ్బి సీసాలోనే ఇరుక్కుపోయింది. కాగితం ఉంది. వేలు పెడితే పెరుగులా విడిపోయింది. ఒకచోట వంకాయరంగు మరక గుండ్రంగా ఉంది. ముద్ర అదే అయ్యుండాలి. అక్షరం ఒక్కటీ లేదు. నాణేలు మాత్రం చెక్కుచెదరలేదు.

పెద్దయ్య ఆ సీసా ఒళ్ళో పెట్టుకుని కూలబడ్డాడు. "నేనే పాతిపెట్టా. నా చేత్తో నేనే పాతిపెట్టా" అంటున్నాడు.

"ఊరుకో అన్నా. దాయమన్నారు, దాచావు. నువ్వేం జేస్తావు?" అంది అమ్మ.

ఆ ముద్దను పాత పేపర్ల మధ్య ఆరబెట్టి, ఒక అట్ట మీద అతికించి మండలాఫీసుకు తీసుకెళ్ళాను. గుమస్తా కళ్ళజోడు పెట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు.

"ఇందులో చదవటానికేం లేదు కదండీ."

అప్పుడు అరిచాను. ఆఫీసంతా తిరిగి చూసేలా అరిచాను. "మాది నీళ్ళలో నానింది, మీది చెదలు తింది. మాది పోతే మా తప్పు, మీది పోయినా మా తప్పేనా? మేమంటే కూలోళ్ళం, పునాదిలో పెట్టుకున్నాం. మీకేం వచ్చింది?"

ఆయన తలొంచుకుని అంతా విన్నాడు. "నా మీద అరిస్తే ఏం లాభం టీచర్ గారూ? నేనొచ్చి ఏడాదయింది" అన్నాడు. ఆ ఆఫీసులో ఎవరిని కదిలించినా కొత్తగా వచ్చినవాళ్ళే. పాతవి మూటలొక్కటే.

కానీ ఆయనే జాలిపడి ఒక దారి చెప్పాడు. మిల్లువాళ్ళు గోడకు పునాది తీయబోతున్నారనీ, పైఅధికారికి అర్జీ పెడితే తేలేదాకా ఆపుతారనీ అన్నాడు. అర్జీ కూడా తనే రాసిపెట్టాడు. పల్లె పల్లెంతా వేలిముద్రలు వేసింది. ఆశ్చర్యం, ఈసారి నెల తిరక్కుండానే జవాబొచ్చింది! పెద్ద గుండ్రటి ముద్రతో, పచ్చసిరా సంతకంతో. ఇన్నాళ్ళ తిరుగుడులో సర్కారు మాకిచ్చిన మొదటి కాగితం అది.

ఆదివారం గుళ్ళో నాచేత చదివించారు. "సదరు స్థలమునందు తదుపరి ఉత్తర్వులు వెలువడు వరకు ఉభయ పక్షములు యథాతథ స్థితిని కొనసాగించవలెను." హల్లెలూయ అన్నారంతా. ఎవరో బూందీ పంచారు. గుమస్తాగారి కోసం ప్రార్థన కూడా చేశాం.

"అంటే ఏందే?" అంది అమ్మ ఇంటికొచ్చాక.

"ఉన్నది ఉన్నట్టుగా ఉండాలని. వాళ్ళు గోడ కట్టకూడదు."

"ఎన్నాళ్ళు?"

"తేలేదాకా."

"ఎప్పుడు తేలుద్ది?"

"తేలుద్దిలే అమ్మా, పడుకో" అన్నాను.

ఆ చలికాలం అమ్మ పోయింది. పొద్దున టీ ఇద్దామని లేపితే లేవలేదు. నిద్రలోనే పోయింది, బాధపడలేదు అని అందరూ అన్నారు. పల్లె మగవాళ్ళు పారలు, గునపాలు తీసుకుని తోటకు వెళ్ళారు. కాసేపటికే ఒట్టి చేతులతో తిరిగొచ్చారు. వాళ్ళ వెనకే బండి మీద వీఆర్వో, ఇంకో బండి మీద కానిస్టేబులు.

వీఆర్వో చెప్పులు విడిచి అమ్మకు దణ్ణం పెట్టాడు. తర్వాత నన్ను పక్కకు పిలిచాడు. "అమ్మా, అక్కడ కొత్తగా గుంట తవ్వకూడదమ్మా. స్టేటస్‌కో ఉంది."

నాకు అర్థం కాలేదు. "అది మేం తెచ్చుకున్న ఆర్డరండీ! మిల్లువాళ్ళను ఆపమని మేమే తెచ్చుకున్నాం."

"ఉభయ పక్షాలు అని ఉంది కదమ్మా" అన్నాడు.

ఉంది. ఆ మాట నేనే గుళ్ళో అందరికీ వినపడేలా చదివాను. పిల్లలకు అర్థాలు చెప్పే నేను, దానర్థం ఇంటి ముందు శవాన్ని పెట్టుకుని తెలుసుకున్నాను. ఎమ్మార్వోగారికి ఫోన్ చేయించాను. మీటింగులో ఉన్నారు. మధ్యాహ్నందాకా చూశాం. మళ్ళీ చేస్తే, "ఆర్డరిచ్చింది పైవాళ్ళు, నా చేతుల్లో లేదు" అన్నారు. ఆ పైవాళ్ళు ఊళ్ళో లేరు.

కుర్రాళ్ళకు రక్తం మరిగింది. "పాతేద్దాం అక్కా! ఏం చేసుకుంటారో చూద్దాం. శవాన్ని బయటికి తీస్తారా ఏంది?" అన్నారు. నాకూ అదే అనిపించింది. నేనే ముందు నడిచి గుంట తవ్వాలనిపించింది. అప్పుడు పాస్టరుగారు నెమ్మదిగా, "మనం ఆర్డరు దాటితే, ముందు దాటింది మీరేనంటారు. మొత్తం తోట పోద్దమ్మా. నీ ఇష్టం" అన్నారు.

చుట్టూ చూశాను. తోటలో జాగాలున్న ఆడవాళ్ళంతా అమ్మ మంచం చుట్టూ కూర్చుని ఉన్నారు. కోతలు మానేసి వచ్చారు. కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నావైపే చూస్తున్నారు. ఒక్కరు కూడా వద్దనలేదు. అలాగని కానివ్వమనీ అనలేదు. అమ్మ కోసం ఆర్డరు దాటితే వాళ్ళ జాగాలన్నీ పోతాయి. ఆ చూపులు తట్టుకోవడం నా వల్ల కాలేదు.

"వద్దు. వేరే చోటు చూడండి" అన్నాను.

హైవే అవతల ఊళ్ళో మనవాళ్ళే ఉన్నారు, వేరే సంఘం. వాళ్ళ పెద్దల కాళ్ళావేళ్ళా పడితే గోడ పక్కన ఒక మూల ఇచ్చారు. మంచివాళ్ళు, గుంట కూడా వాళ్ళే తవ్విపెట్టారు. ట్రాక్టరు మీద అమ్మను తీసుకెళ్తుంటే రోడ్డు పనుల దగ్గర లారీలు నిలిచిపోయి చాలాసేపు ఎండలో ఆగిపోయాం. చిన్నమ్మ ఒకతె గొడుగు తెచ్చి పెట్టెకు పట్టింది. అక్కడ పూడ్చేటప్పుడు అమ్మకు కుడిపక్కన ఎవరో, ఎడమపక్కన ఎవరో నాకు తెలియదు. అడగబుద్ధి కాలేదు. ఊళ్ళో ఒక్క మనిషితో వేగలేని మనిషి, ఇంకో ఊరి వాళ్ళ మధ్య ఎలా ఉంటుందా అని పిచ్చి ఆలోచన వచ్చింది. ఆ రాత్రి ఇంటికొచ్చాక గోడకేసి తల బాదుకున్నాను. నాకున్న ఒక్క తల్లి అడిగిన ఒక్క కోరిక, ఆరడుగుల నేల, అది కూడా తనదే.

తర్వాత కొన్నాళ్ళకు రేషన్ కార్డులో అమ్మ పేరు తీయించాలంటే మరణం సర్టిఫికెట్ కావాలన్నారు. పంచాయతీ ఆఫీసుకు వెళ్ళాను. కార్యదర్శి కొత్తాయన, కుర్రాడు. అచ్చయి ఏ కాలమో అయిన పెద్ద పుస్తకం తీశాడు. నన్ను అడుగుతూ గబగబా గడులు నింపాడు. పేరు, భర్త పేరు, వయసు, జబ్బు.

"కాల్చారా, పూడ్చారా?"

"పూడ్చామండి."

"క్రిస్టియన్సే కదా మీరు?"

"అవునండి."

ఇంకేం అడగలేదు. ఏదో రాసేసి, పుస్తకం నావైపు తిప్పాడు. "ఒకసారి చూసుకోండి టీచర్ గారూ. ముద్ర పడ్డాక తప్పులు దిద్దటం మా వల్ల కాదు, జిల్లా ఆఫీసు చుట్టూ తిరగాలి" అన్నాడు.

పై నుంచి ఒక్కో గడీ చదువుకుంటూ వచ్చాను. చివరి గడిలో, "ఖననము చేసిన స్థలము" అన్న అచ్చు అక్షరాల ఎదురుగా, ఆయన చక్కటి దస్తూరీతో రాశాడు: "ఈ గ్రామ క్రైస్తవ శ్మశానవాటిక, పల్లెకు తూర్పు."

రెండు జిల్లాలు తిరిగినా ఎక్కడా దొరకని మాట. మా తాతలకిచ్చిన కాగితంలో ఉండి, నీళ్ళలో కరిగిపోయిన మాట. సర్కారు పుస్తకంలో, సర్కారు మనిషి చేత్తో, మా తోట ఉంది. అందులో అమ్మ కూడా ఉంది.

"ఏమన్నా తప్పుందాండీ?" అన్నాడు కార్యదర్శి, ముద్ర చేతిలో పట్టుకుని.

"లేదు బాబూ, సరిగ్గానే ఉంది. వెయ్యి" అన్నాను.